పిట్టకు పెట్టుడు: అనుభవంతో చెప్పే సూచనలు

మొదటి సూచన మాట గురించి. ఇంటి వెనక పిట్టలకు గింజలు పెట్టాలనుకుంటే పెట్టండి గానీ, ఆ ముచ్చట ఫోన్లో చుట్టాలకు చెప్పకండి. నేను చెప్పాను. "ఆదివారం నుంచి పిట్టకు పెడుతున్న రా" అన్నాను మేనల్లుడితో. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అయ్యో మామా, ఎవలు పోయిండ్రు? నాకొక్క మాట చెప్పకపోతివి గదా" అన్నాడు. సాయంత్రానికి గోదావరిఖని నుంచి ఇద్దరు, మంథని నుంచి ఒకరు వచ్చి గేటు దగ్గరే తలలు దించుకుని నిలబడ్డారు. మా ఆవిడ చాయ్ ఇస్తే ఒక్కరూ ముట్టలేదు.

మా దిక్కు పిట్టకు పెట్టుడంటే, ఇంట్లో మనిషి పోయాక పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరాకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూడటం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని గుసగుసలు మొదలవుతాయి. 2023లో వచ్చిన 'బలగం' సినిమా నడిచిందే ఆ కాకి మీద. కాబట్టి మీరు 'బర్డ్ ఫీడింగ్' అనండి. ఇంగ్లీషులో అంటే ఎవరూ ఏడుస్తూ రారు.

ఇక నా అర్హతలు. 34 ఏళ్లు బాయి పని చేసి ఓవర్‌మెన్‌గా దిగిపోయాను. బొగ్గుబాయిలో పిట్ట ఎక్కడిది, నీకేం తెలుసు అంటారేమో. గనికీ పిట్టకూ చుట్టరికం పాతది. బ్రిటన్ గనుల్లో కార్బన్ మోనాక్సైడ్ జాడ పట్టడానికి కానరీ పిట్టను పంజరంలో పెట్టి లోపలికి తీసుకుపోయేవాళ్లు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఉపాయం అది. మనిషి కన్నా ముందు పిట్ట తూలిపోతుంది, అది చూసి మనిషి బయటికి ఉరుకుతాడు. 1986లో మీటర్లు వచ్చి వాటి పని తీసుకునేదాకా ఆ నౌకరీ నడిచింది. పిట్టలకు కొలువిచ్చిన శాఖ ప్రపంచంలో ఏదైనా ఉందంటే అది మాదే. డ్యూటీ టైము, హద్దు, పైవాడి మాట వినడం, ఈ మూడూ పిట్టకు నేర్పవచ్చునన్న నమ్మకం నాకు అక్కడే కలిగింది.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి రామగిరి మండలంలో 200 గజాల్లో ఇల్లు కట్టుకున్నాను. డాబా ఎక్కితే ఒకవైపు రామగిరి ఖిల్లా, ఇంకోవైపు ఓపెన్‌కాస్టు మట్టి పోసిన గుట్ట. కొత్తవాళ్లు ఏది రాముడు తిరిగిన గుట్టో, ఏది డంపర్లు పోసిన గుట్టో అడిగి తెలుసుకుంటారు. ఇల్లు పోను వెనక 60 గజాల జాగ మిగిలింది. ప్రయోగాలన్నీ అక్కడే.

ముందు జాగను శుభ్రం చేయాలి. నేను ప్లాటు కొనకముందు నుంచీ అక్కడొక వేపచెట్టు ఉండేది. దాని దోషాలు చెబుతాను వినండి. మాఘం పోతుంటే ఆకు రాల్చడం మొదలుపెడుతుంది, నెల రోజులు చీపురు చేతిలోంచి దిగదు. ఉగాదికి పువ్వు. పచ్చడిలోకి గుప్పెడు పోను మిగతాదంతా నేల మీదే. ఆషాఢం నాటికి పండ్లు. ఇక చూడాలి, తెల్లారకముందే కోయిలలు, గోరింకలు, పిగిలిపిట్టలు, కాకులు ఒకదాని మీద ఒకటి పడి పండ్లు తినడం, గుజ్జు మింగి గింజను నా స్కూటర్ సీటు మీద ఉమ్మడం. "ఇన్ని పిట్టలొస్తుంటే ఇంకేం గావాలె నీకు" అంది మా ఆవిడ. ఆమెకు తేడా తెలియలేదు. అవి చెట్టు కోసం వచ్చే పిట్టలు, మన కోసం వచ్చేవి కావు. మనం పెడితే తినేవి, మనం చెప్పిన వేళకు వచ్చేవి, మనం చూస్తుండగా తినేవి, అవీ పిట్టలంటే. చెట్టు కొట్టించాను. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలని తర్వాత తెలిసింది. మీకు ముందే తెలిసినా తెలియనట్టే ఉండండి.

మొద్దు పెకిలించిన చోట మన్ను లేచింది. మధ్యాహ్నం పూట నాలుగైదు ఊరపిచ్చుకలు వచ్చి ఆ మన్నులో పొట్ట ఆనించి, రెక్కలు టపటపలాడిస్తూ దుమ్ము మీద పోసుకునేవి. ఈకల్లో జిడ్డు, పురుగు పోవడానికి అది వాటి స్నానమట. దుమ్ములో పొర్లడం స్నానమైతే మేము షిఫ్టు దిగాక సబ్బులెందుకు అరగదీసినట్టు? వారం తిరగకుండా మొత్తం పార్కింగ్ టైల్స్ వేయించాను. పైపు పెట్టి కడిగితే ముఖం కనిపిస్తుంది. పిచ్చుకలు రెండు రోజులు వచ్చి టైల్స్ మీద నిలబడి అటూ ఇటూ చూసి వెళ్లాయి. అలవాటు కావాలి కదా. ఇది రెండో ఏడు.

నీడ ఎట్లా అంటారా, కోనోకార్పస్ పెట్టండి. ఏడాదిలో గోడ దాటుతుంది, ఎండకు వాడదు, పండు రాల్చి నేల పాడుచేయదు. 2015లో హరితహారం మొదలయ్యాక రోడ్ల నడుమ బారులు తీరి కనిపించింది ఇదే. దాని పుప్పొడితో జనానికి ఊపిరి ఇబ్బందులనీ, వేర్లు నీళ్ల పైపుల్లో దూరుతున్నాయనీ, ఇక నాటొద్దని తర్వాత సర్కారే చెప్పింది. సర్కారు వద్దన్నాక నర్సరీలో సగం ధరకు దొరికాయి. పన్నెండు తెచ్చాను. పిట్ట వాలదు, గూడు కట్టదు. అంత శుభ్రమైన చెట్టు.

మేడి, రావి, మర్రి, జువ్వి జోలికి మాత్రం పోకండి. వాటి పువ్వులు కాయ లోపలే దాక్కుంటాయి. చీమ తలంత కందిరీగ ఒకటి లోపలికి దూరితేనే పుప్పొడి చేరేది. ఇంత గుట్టుగా సంసారం చేసే చెట్టును ఇంట్లో పెట్టుకోవచ్చునా? పైగా ఊళ్లో వేరే పండు దొరకని రోజుల్లో కూడా ఇవి కాస్తాయి, ఇక గుంపులకు అంతుండదు. మీ గోడ పగులులో రావి మొలిచిందంటే ఏ గోరింకో పండు తిని రెట్ట వేసిందన్నమాట. విత్తనం, ఎరువు, నాటు కూలి అన్నీ దానివే. బిల్లు లేకుండా వచ్చిన వస్తువును నమ్మకూడదు. కరివేపాకు చెట్టును కూడా పండు నల్లబడకముందే నరకండి, పిగిలిపిట్టకు ఆ నల్ల పండంటే ప్రాణం.

ఇక పురుగులు. ఆకు మీద రంధ్రం కనబడిందంటే మందు కొట్టండి, అడగడానికి ఏమీ లేదు. నిమ్మచెట్టు మీద గొంగళి పురుగులు కనిపించాయని నేను పొద్దునా సాయంత్రం కొట్టాను. పిచ్చుక గింజ తినే పిట్టే కదా, పురుగుతో దానికేం పని అనుకున్నాను. పెద్ద పిచ్చుకకు గింజ చాలుగానీ గూట్లో ఉన్న పిల్లకు గింజ అరగదట. మొదటి రోజుల్లో తల్లీతండ్రీ మెత్తటి పురుగులే తెచ్చి నోట్లో పెట్టాలట. నాకు ఇందులో నచ్చనిది తల్లిదండ్రుల మొండితనం. పిల్లల కోసం పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు గోడ మీద పెట్టాను, మూతి తిప్పుకున్నాయి. సాయంత్రానికి దానికి చీమలు పట్టాయి, చీమలకు మళ్లీ మందు కొట్టాను.

పిట్ట మీద ఒక పెద్దమనిషి చేసిన పని చెప్పాలి. 1958లో చైనాలో మావో నాలుగు శత్రువుల పేర్లు ప్రకటించాడు: ఎలుక, ఈగ, దోమ, పిచ్చుక. పిచ్చుక పంట తింటుందని నేరం మోపారు. ఊళ్లకు ఊళ్లు తపేళాలు, డప్పులు మోగించి వాటిని ఎక్కడా వాలనీయకుండా ఎగరగొట్టి ఎగరగొట్టి చంపారు. పిచ్చుకలు పోయాక మిడతలు, పురుగులు పంట మీద పడ్డాయి. 1960లో జాబితాలోంచి పిచ్చుక పేరు తీసి నల్లి పేరు చేర్చారు. చాలామంది దీన్ని తప్పు జరిగిందని చెబుతారు. నాకైతే జాబితాను సమయానికి సవరించిన పద్ధతి నచ్చింది.

మందు కొట్టే రోజుల్లోనే వంకాయ మొక్కకు ఒక వింత రోగం పట్టింది. వెడల్పాటి ఆకు ఒకటి గొట్టంలా ముడుచుకుపోయింది. ఆకుముడత అనుకుని తుంపాను. చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు పెట్టి చూస్తే ముడత కాదు, కుట్టు. ఆకు రెండంచుల వెంట సూదితో పొడిచినంత సన్నటి రంధ్రాలు, ఒక్కో రంధ్రంలోంచి దూదిపోగు తీసి, బయట కొసను చిన్న బుడిపెలా చిక్కగొట్టి వదిలారు, జారిపోకుండా. మేము కప్పు కూలకుండా కొట్టే బోల్టుకు పట్టీ బిగించినట్టే. లోపల మెత్తటి పీచు, సాలెగూడు పోగులు, కొంచెం దూది. ఆ దూది ఎక్కడిదో చూడగానే గుర్తుపట్టాను, డాబా మీద ఎండబెట్టిన నా తలగడది. గుడ్లు ఇంకా పెట్టలేదు. దర్జీ పిట్ట పనట ఇది. బొటనవేలంత పిట్ట, తోక నిక్కబెట్టుకుని గోడ మీద అటూ ఇటూ ఉరుకుతూ నన్ను నానా మాటలూ తిడుతోంది. నేనూ ఊరుకోలేదు. ఆకును పాత చోటే పెట్టి సెలోటేపుతో అంటించాను. దానికన్నా నున్నగా వచ్చింది. అయినా మళ్లీ దాని దగ్గరికి రాలేదు. పిట్టలు పెంచేవాళ్లు జేబులో సెలోటేపు ఎప్పుడూ ఉంచుకోవాలి.

తిండి విషయానికి వద్దాం. ఆన్‌లైన్లో ఒక ఫీడర్ తెప్పించాను. దాని డబ్బా మీద ఎర్ర రొమ్ము పిట్ట బొమ్మ, చుట్టూ మంచు. పెద్దపల్లి జిల్లాలో ఆ పిట్టా లేదు, ఆ మంచూ లేదు. మే నెలలో ఇక్కడ ఎండ 45 దాటితే ఫీడర్ ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి వంగింది. పొద్దుతిరుగుడు గింజలు నింపి బోర్డు రాశాను: ఫస్ట్ షిఫ్ట్ 7 గంటలకు, సెకండ్ షిఫ్ట్ 3 గంటలకు. నైట్ షిఫ్ట్ పెట్టలేదు, గుడ్లగూబలను ప్రోత్సహించడం నాకు ఇష్టం లేదు. పిట్టలు మాత్రం తెల్లవారుజామున, ఇంకా మసక ఉండగానే తిండి వేట మొదలుపెడతాయి. అంటే మస్టర్ పడకముందే పనిలోకి దిగడం. మా దగ్గర ఆ పని చేస్తే చార్జిషీటు. ఏడున్నరకు పేపర్ చదవడం అయ్యాక ఫీడర్ నింపి, మూడడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, ఫోన్ కెమెరా పట్టుకుని కూర్చునేవాణ్ని. అంత దగ్గరగా కూర్చుంటేనే వాటికి మన మీద నమ్మకం కలుగుతుంది. ఉడుత ఒకటి వచ్చింది. పేరు రాసుకున్నాను.

మెనూ మార్చి చూద్దామని రాత్రి మిగిలిన బిర్యానీ, మిక్చర్, మిర్చి బజ్జీ ముక్కలు పెట్టాను. ఉప్పు, నూనె పిట్టలకు పడవని ఎవరో అన్నారు. పడకపోతే తినవు కదా, తిన్నాయంటే పడినట్టే. తిన్నవి పావురాలు. మొదటి రోజు రెండు, దసరాకు నలభై. ఇదొక్కటే నేను సాధించిన ఘన విజయం అని చెప్పుకోగలను. అవి పార్కింగ్ టైల్స్‌ను ప్రేమిస్తాయి, కూలర్ మీద, వాటర్ ట్యాంక్ మీద, ఏసీ వెనక కాపురం పెడతాయి, చిన్న పిట్టను దగ్గరికి రానివ్వవు. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు చేటని డాక్టర్లు చెబుతారు, 2025లో ముంబైలో పావురాలకు గింజలు వేసే కబుతర్‌ఖానాలను మూసే పని కూడా అందుకే పెట్టుకున్నారు. బొగ్గు దుమ్ము 34 ఏళ్లు పీల్చిన నా ఛాతీకి పావురం ఒక లెక్కా?

ఒక సంగతి చెప్పక తప్పదు, కొంచెం పక్కకు పోయినా సరే. చిన్నప్పుడు మా నాయన నన్ను జొన్నచేనులో మంచె ఎక్కించి చేతిలో వడిసెల పెట్టేవాడు. కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా బడి బంద్. తెల్లారకముందే చిలకలు, పిచ్చుకలు మబ్బు పట్టినట్టు దిగేవి. గొంతు పోయేలా కేకలు పెట్టేవాణ్ని, వడిసెల తిప్పి తిప్పి రెక్క నొప్పి పుట్టేది. అన్నం మూట విప్పుకుని నాలుగు ముద్దలు తినేలోగా చేను మధ్యలో ఇంకో గుంపు. ఒక్కటంటే ఒక్క పిట్టను రమ్మని పిలిచిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆ చేలల్లో పత్తి ఉంది, వరి ఉంది, కొన్నిచోట్ల చేనే లేదు, దాని కింది బొగ్గు తీస్తున్నారు. దీని నుంచి నేను తీసిన సూత్రం: పిట్టలకు పిలుపు పడదు, తోలుడే పడుతుంది. పోయిన నెల డాబా ఎక్కి వడిసెల తిప్పాను, కేకలు కూడా పెట్టాను. పక్కింటివాళ్లు వచ్చి బీపీ గోలీ వేసుకున్నానా అని అడిగారు.

నీళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. మట్టి మూకుడులో రెండంగుళాల నీళ్లు నీడలో పెట్టి రోజూ మార్చమంటారు. మార్చడం శ్రమ. నేను స్టీలు బకెట్ నిండా పోసి ఎండలో పెట్టాను, వారానికొకసారి చూస్తాను. మధ్యాహ్నానికి అందులో గుడ్డు ఉడుకుతుంది. రాత్రికి దోమలు పుడతాయి. దోమలు కూడా ఎగిరేవే.

గూడు పెట్టెలు కూడా చేయించాను. పిచ్చుక పెట్టెకు 32 మిల్లీమీటర్ల రంధ్రం చాలునని, అంతకన్నా పెద్దదైతే వేరే పిట్టలు దూరతాయని చెబుతారు. మూడు రూపాయల నాణెం కూడా పట్టని గుమ్మమా? గాలీ వెలుతురూ వచ్చేలా అరచేయి పట్టేంత కిటికీ పెట్టించి, బయట పిల్లి కూర్చోవడానికి వీలుగా ఒక బల్ల కూడా కొట్టించాను. మూడు రూపాయల నాణెం ఉండదని మా మనవడు పట్టుకున్నాడు, ఆ విషయం పక్కన పెట్టండి. పెట్టెలకు సిల్వర్ పెయింట్ వేసి పడమటి గోడకు తగిలించాను, సాయంత్రం ఎండకు తళతళలాడతాయి. మార్చి 20న పిచ్చుకల దినోత్సవం. 2010 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు ఆ పెట్టెలను ఫోటో తీసి స్టేటస్ పెట్టాను, నూట పన్నెండు మంది చూశారు. పిచ్చుక చూడలేదు.

పాలపిట్ట కోసం పాలు పెట్టాను. నవ్వకండి, పేరులోనే ఉంది కదా. మన రాష్ట్ర పక్షి, దసరా నాడు కనిపిస్తే ఏడాదంతా శుభం. అది కరెంటు తీగ మీద కూర్చుని మిడతలను, తొండలను, బల్లి పిల్లలను చూసుకుంటుందట, గింజ ముట్టదట, పాలసలే తాగదట. పాలు పిల్లి తాగింది. ఇప్పుడు మాకు మూడు పిల్లులు. దసరా నాడు ఒకతను పంజరంలో పాలపిట్టను తెచ్చి చూపించి పైసలు అడిగాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం నేరమని మా మనవడు లేవదీశాడు. చిలకను పంజరంలో పెట్టినా నేరమేనట. ఇచ్చిన పైసలు తిరిగి అడిగే మొహం లేక శుభం మాత్రం తీసుకుని వచ్చాను. రెక్కలు చిక్కగా ఏదో పూసి అంటించి ఉన్నాయి, ఎగిరితే కదా ఆ నీలం కనిపించేది.

శ్రావణంలో ఖిల్లా ఎక్కండి. ఔషధ మొక్కలకు పేరున్న గుట్ట అది, బాటనీ చదివే పిల్లలు, ఆయుర్వేదం వాళ్లు దూరం నుంచి వస్తారు. మేము బేగంపేట వైపు నుంచి పదిమందిమి ఎక్కాము. పిట్టల కూత వినాలని బ్లూటూత్ స్పీకర్‌లో పిట్టల కూత పెట్టుకుని ఎక్కాము, చాలా స్పష్టంగా వినిపించింది. దిగేటప్పుడు పేరు తెలియని మొక్క ఒకటి వేర్లతో సహా పీక్కొచ్చి టైల్స్ మధ్య కుండీలో పెట్టాను. నాలుగు రోజులు బతికింది. గుట్ట మీద ఎట్లా బతికిందో, అక్కడ పోసేవాళ్లు కూడా లేరు.

ఇంత చేశాక నాకు తెలిసిన ఒకే ఒక్క ఆటంకం ఎదురింటి అవ్వ. పాత గూనపెంకుల ఇల్లు. పెంకుల సందుల్లో పిచ్చుకలు, గోడ మీద ముసలాయన ఫోటో వెనక ఒక గూడు, చూరు నిండా సాలెగూళ్లు. కోతలప్పుడు కొడుకు తెచ్చిన వరికంకుల కుచ్చు గుమ్మం ముందు వేలాడుతుంటుంది, ఫాల్గుణానికి దానిలో గడ్డి తప్ప ఏం మిగలదు. వాకిట్లో మట్టి. మూలన పనికిరాని రోలు ఒకటి, గిన్నెలు కడిగేటప్పుడు దాని గుంటలో నాలుగు చెంబుల నీళ్లు చేరతాయి. ఆ రోలు అంచు మీద ఒక పొద్దున నేను ముప్పై ఒక్క పిట్టను లెక్కపెట్టాను, వరసలో నిలబడనివి లెక్కలో లేవు.

నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను. ఆమె గడప మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"ఏం పెడుతున్నవ్ అవ్వా వీటికి?"

"నేనేం పెడ్త కొడుకా. చాటల నుంచి పడ్డయి ఏరుకుంటయి."

"ఎన్ని గ్రాములు?"

ఆమె నా దిక్కు చూసి మళ్లీ చాట అందుకుంది.

"ఏ టైముకు పెడుతవ్?"

"అవ్వే వస్తయి. నేను లేసేటాళ్లకు వచ్చి కూసుంటయి."

గ్రాముల గడి, టైము గడి రెండూ ఖాళీగానే మిగిలాయి. అయితే కారణం దొరికింది. ఈ అవ్వ బియ్యం చెరగడం మానేదాకా మా ఇంటికి పిట్ట రాదు. సోర్టెక్స్ బియ్యం కొంటే చెరిగే పనే ఉండదని కొడుక్కి చెప్పాను. నా దగ్గర మిగిలిన టైల్స్ ఊరికే ఇస్తానన్నాను. అతను సంతోషపడ్డాడు, ఎన్నాళ్ల నుంచో వాకిలి బాగు చేయించాలని ఉందట.

మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. రోలు తీసేయడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలట, బరువుందట.